జానెడు గోడ

తంపరవలస స్టేషన్ గోడ గీకే పని
నాకే ఎందుకిచ్చారో మరి.
గానుగ సున్నం తెలిసినోడు ఈ చుట్టుపక్కల
నేనొక్కణ్ణే మిగిలాను కాబోలు.

వారం నానిన కరక్కాయ నీళ్ళు,
టెక్కలి సంతలో కొన్న నల్లబెల్లం.
"సిమెంటేస్తే రెండ్రోజుల పని గదా మేస్త్రీ"
అన్నాడు కాంట్రాక్టరు.
పాత గోడకి ఊపిరాడాలి బాబూ, అన్నాను.
ఆయన ఫోను చూసుకున్నాడు.

చిన్న బండి ఆగిన చోటిది.
రెండున్నర అడుగుల పట్టాల మీద
దున్నపోతులా ఒగురుస్తూ వచ్చేది.
ఎదురుగాలి కొడితే జనం దిగి
చెంబుతో చేలోకెళ్ళొచ్చి మళ్ళీ ఎక్కేవారట.
అందరూ చెప్పే కథే ఇది,
ఎవరి తాతా నిజంగా చేసుండడు.

పెద్ద లైను గెడ్డ అవతలగా పోయింది.
ఇక్కడ పట్టాలున్న మేర తంగేడు పూసింది.
స్లీపర్లు పశువుల సాలల్లో దూలాలయ్యాయి.
గంట, అంటే గంట కాదు, వేలాడే పట్టాముక్క,
బడికి పోయింది.
దాన్ని కొట్టే వంతు కోసం
మూడో తరగతి పిల్లలు ఇప్పటికీ కొట్టుకుంటారు.

కమిటీ వాళ్ళు నల్లరాతి ఫలకం చెక్కించారు.
స్టేషన్ ఏ ఏట కట్టారో తేలక
రిటైరైన హెడ్మాస్టారు ఒకటంటే
ఆయన బావమరిది ఇంకొకటంటే
చివరికి ఆ చోటు నున్నగా వదిలేశారు.

నేను గీకుతూ పోయాను.
పైన నీలం. దాని కింద
ఏదో ఎన్నికల నాటి గుర్తు, సగం.
దాని కింద ఎర్ర త్రికోణం,
ఇద్దరు పిల్లలు చాలన్న నవ్వు మొహాలు.
ఆ కింద పసుపు. ఇంకా కింద, ముసలి పసుపు.
టికెట్ కిటికీ దిగువన, మోకాలెత్తులో,
బొగ్గు గీతలు.

నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
కొన్నిచోట్ల గీత బదులు
మసి బొటనవేలు.

"ఏటి గీకేత్తన్నావు, ఆగెహె!"
ఎండుచేపల తట్ట దించి
దమయంతి పరుగున వచ్చింది.
"మా అత్త గీసినవి అయ్యి.
ఉప్పు మూటలు మోసీ ఆడోళ్ళు ముప్పయ్యారు మంది,
గోడకానుకుని గొంతుక్కూకుని
లెక్కంతా ఆవిడే.
సదువు రాదు గానీ
గుమస్తా గుటకలు మింగీవోడు."

ఓ రోజు గుమస్తా పుస్తకంలో మూటలు నలభై,
గోడ మీద అరవైమూడు.
ముప్పయ్యారు మందీ చుట్టకుదుళ్ళు నేలనేసి
వాటి మీదే కూర్చున్నారట.
ఉప్పెక్కక బండి కదల్లేదు.
గార్డు జెండా ఊపాడు, చుట్టాడు, ఊపాడు.
లోపల పెళ్ళివారు పులిహోర విప్పుకున్నారు.
పొద్దు వాలేవేళకి
గుమస్తా నలభై కొట్టేసి అరవైమూడు రాశాడు.

"ఆ పుస్తకం ఏమైంది?" అన్నాను.
"సెదలు తినీసుంటాయి. ఎవుడికి దెలుసు?"
తట్ట ఎత్తమంది. ఎత్తాను.
చాలాసేపు చేతులు కంపు కొట్టాయి.

ఆ బొటనవేలి మీద
నా వేలు ఆనించి చూద్దామనుకుని
మానేశాను.
గోడంతా మూడు చేతులు సున్నం పట్టించాను,
గుడ్డతో రుద్ది, గచ్చు మెరిసేదాకా.
కిటికీ కింద జానెడు మేర మాత్రం
కుంచె తిప్పి పక్కకి పోయాను.

ఇంజనీరు వచ్చి టేపు పట్టాడు.
"ఇక్కడ మర్చిపోయావు."
"కింద చెమ్మ ఉంది సార్. ఆరాక వేస్తాను."

రిబ్బన్ కత్తిరించడం అయిపోయింది.
నా బిల్లులో ఆ జానెడుకి డబ్బు కోశారు.
చెప్పొద్దూ, నాకూ బాధేసింది.
మూడు నెలల్లో ఆయన రెండుసార్లొచ్చాడు,
రెండుసార్లూ అడిగాడు.
ఇంకా ఆరలేదు సార్, అన్నాను.