నూటపన్నెండో పేజీ

దరియావలి అడిగింది కథ కాదు,
కునుకు రానివ్వని వస్తువు.
"టీ రెండింటిదాకే పనిచేస్తుంది సారూ.
తెల్లారేదాకా నన్ను కాపలా కాసే పుస్తకం ఉందా?"

ఏటుకూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి
రాత్రి వాచ్‌మన్ అతను.
కన్నంటుకుని దొరికిపోతే ఆ రోజు కూలి కోత.

నాది అరండల్‌పేటలో పాత పుస్తకాల అద్దె కొట్టు.
వంతెన మీద లోడు లారీ పోయినప్పుడల్లా
పై అరలో పుస్తకాలు నూలువాసి ముందుకు జరుగుతాయి.
నెలకోసారి వెనక్కి తోస్తాను.

ఒక రహస్యం చెప్పాలి.
నేను ఏదీ పూర్తిగా చదవను.
పుస్తకం మూసి, పక్కకి తిప్పి, అంచు చూస్తాను.
వేళ్ల మురికి ఎక్కడిదాకా ఉందో జనం అక్కడిదాకా వెళ్లారు.
కొన్నిటికి ముప్ఫై పేజీల తర్వాత అంతా తెలుపే,
పెళ్లికి దాచిన పంచెలా.
కొన్ని మొదట్నుంచి చివరిదాకా ఒకే నలుపు.
అవి తీసి చేతిలో పెట్టి
"పట్టుకుంటే వదలదు" అంటాను.
జలగని కూడా అదే మాట అంటాం మరి.

ముందు ఒక హత్య ఇచ్చాను.
మర్నాడే తెచ్చేశాడు.
"గొళ్లెం లోపలేసుందని అరవయ్యో పేజీలోనే చెప్పేశాక
తోటమాలి కాక ఇంకెవరండీ?
ఇరవయ్యేళ్లుగా గొళ్లేలే కదా నా చదువు."

దెయ్యాన్ని ఇచ్చాను.
"పాపం, దానిదీ నైట్ డ్యూటీయే" అన్నాడు.

మూడోది, అట్ట పోయి పేరు తెలియని నవల.
కృష్ణలో పడవ నడిపే సరంగు,
అతని పెట్టెలో భార్య రాసిన ఉత్తరం.
మొదటి పేజీలోనే వస్తుంది ఉత్తరం.
విప్పడు.
వరదొస్తుంది, విప్పడు. కూతురికి జ్వరమొస్తుంది, విప్పడు.
నూటపన్నెండో పేజీదాకా
నల్లటి అంచు చెక్కు చెదరదు.

నాలుగు రోజులు మనిషి లేడు.
ఐదోనాడు వచ్చి బల్ల మీద పెట్టాడు.
"లారీ పావుగంట హారన్ కొట్టిందట సారూ.
డ్రైవర్ గోడ దూకొచ్చి భుజం తడితే
'ఉండవయ్యా, విప్పుతున్నాడు' అన్నానట."
మేలుకునే ఉన్నానంటే ఎవరూ నమ్మలేదట.
మేలుకున్నవాడికి హారన్ వినపడదా అని.
"నిద్రపోయానని ఒప్పేసుకున్నా. అదే తేలిక."

తర్వాత అది బ్రాడీపేట నాలుగో లైనుకి వెళ్లింది,
హైమవతి టీచరు ఇంటికి.
లెక్కలు చెబుతుంది. ఏడ్చిందని ఎవరూ అనగా వినలేదు.
ముక్కు ఎర్రగా చేసుకుని తెచ్చింది.
"ఆ పేజీ..." అని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది.
హోమియో కాంపౌండరూ అక్కడే ఏడ్చాడు.
పల్లెవెలుగు కండక్టరూ అక్కడే.
అద్దె రెండు రూపాయలు పెంచాను.

ఒకరోజు దులుపుదామని తెరిస్తే తెలిసింది.
నూటపన్నెండులో, కుట్టు దగ్గర,
సన్నటి ఎర్ర పొడి.
వాచ్‌మన్ బొటనవేలి గుర్తు, గీతలతో సహా.
ఊరంతా ఏడ్చింది మిర్చి ఘాటుకి!
ఒక్కణ్ణే పగలబడి నవ్వుకున్నాను.
గుడ్డ తడిపి శుభ్రంగా తుడిచాను.
ఆరేదాకా ఊరకే ఎందుకని
మొదటి పేజీ తిప్పాను.

పక్క బడ్డీవాడు తాళాలేసుకుంటూ ఏదో అన్నాడు.
షట్టరు సగం దించాను.
వంతెన మీద లారీలు పోయాయి,
పుస్తకాలు ఎన్ని నూలువాసులు జరిగాయో చూడలేదు.
సరంగు పెట్టె తెరిచాడు. మళ్లీ మూశాడు.
కళ్లు మండాయి.
పొడి లేదు. నేనే తుడిచాను.

రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరితే
అరుగు మీద కూర్చునుంది మా రాజ్యం, ఫోను చేత్తో పట్టుకుని.
"పదకొండుసార్లు చేశాను. వినపడలేదా?"

కొట్లో నిద్రపట్టేసిందన్నాను.