సూదుల లెక్క

ఆదివారం తెస్తానన్నాడు రొట్టెల బద్రీ.
పిండి బస్తాల వెనక పుట్టిన నాలుగింట్లో
మూడింటికి ఇళ్లు కుదిరాయట.
మిగిలింది బూడిదరంగుది, ఒక చెవి కాస్త మడత.
"దర్జీదానివి, మడతలు నీకు కొత్తా?" అన్నాడు.

అయిదు రోజుల గడువు.
పెళ్లి గౌనుకైనా పది రోజులు అడిగేదాన్ని.

తిబిలీసిలో మా వీధి కొండెక్కుతుంది.
మా ఇల్లు దాని భుజాన వేలాడుతుంది
చెక్క బాల్కనీతో సహా.
నలభై ఏళ్లు ఈ గదిలోనే కోశాను, కుట్టాను, విప్పాను.
రాలిన ప్రతి గుండుసూదికీ
తర్వాత తీస్తాలే అని మాటిచ్చాను.
ఆ తర్వాత ఇప్పుడొచ్చింది.

కింది వాటా కుర్రాడి అయస్కాంతానికి దారం కట్టి
నేలంతా ఈడ్చాను.
తొలకరికి పుట్టలోంచి ఉసిళ్లు లేచినట్టు
పలకల సందుల్లోంచి లేచాయి.
తుప్పువి, వంకరవి, ముత్యపు తల ఉన్నది ఒక్కటి.
అది లామారా పెళ్లిది.
నడుము బిగువైందని ఆ ఉదయం ఒకటే ఏడుపు,
మూడో నెలని నాకొక్కదానికే తెలుసు.
ఆ మూడో నెల ఇప్పుడు మీసాలు పెంచి
మెట్రో రైలు నడుపుతున్నాడు.

పిల్లి ఎత్తు నుంచి చూడమన్నాడు పశువుల డాక్టరు.
చూశాను, నాలుగు కాళ్ల మీద.
మోకాళ్లు గొణిగాయి, పట్టించుకోలేదు.
నేనున్న ఇల్లేనా ఇది?
బల్లకింద ఇంకో ఆకాశం, దానికి మేకులు.
ఫ్రిజ్ వెనక నల్లటి తీగ, కొరకమని పిలుస్తూ.
పొయ్యి పక్కన పిడికిలంత సందు.
పిడికిలి పట్టే చోట పిల్లి పడుతుంది,
పట్టినది మళ్లీ బయటికి రాకపోవచ్చు.
పాత కోటు చింపి ఉండచుట్టి కూరాను.

ఎదురింటి ఎతేరి కిటికీలోంచి నన్ను చూసి
గుండె చుక్కల సీసాతో పరిగెత్తుకొచ్చింది.
"పడిపోయావా?"
"లేదు, పిల్లినయ్యాను."
కాసేపు తిట్టింది.
తర్వాత తనూ వంగి, "అదిగో, సోఫా కింద బొత్తం" అంది.

నా పుట్టినరోజుకి తను తెచ్చిన లిల్లీలు
ఇంకా వాడలేదు. చెప్పక తప్పలేదు,
అవి పిల్లులకి విషమని.
"పువ్వన్నాక విషమేంటే?" అని నొచ్చుకుంది.
నొచ్చుకుంటూనే కుండీతో సహా మోసుకుపోయింది,
గడప మీద రాలిన పసుప్పొడి తడిగుడ్డతో తుడిచి మరీ.

దారపు రీళ్లన్నీ జామ్ సీసాల్లోకి ఎక్కాయి.
మింగిన దారం పేగుల్ని కుచ్చిళ్లు పోస్తుందట,
నాకంటే బాగా.
బాల్కనీ కమ్మీల మధ్య
పెళ్లి లంగాలకి వేసే గట్టి వల, మూడు పొరలు,
గాలికి కూడా ఊడనట్టు కుట్టాను.
కింద నడిచేవాళ్లు తలెత్తి అడిగారు,
"ఎవరిదమ్మా పెళ్లి?"
"ఇంకా పేరు పెట్టలేదు" అన్నాను.

శనివారం రాత్రి సూదుల పొట్లం విప్పాను.
ఇరవై అయిదు ఉండాలి.
ఇరవై నాలుగు.
మళ్లీ లెక్క. మళ్లీ అంతే.
అయస్కాంతం, దీపం, చీపురు,
చివరికి ఉత్త అరికాళ్లతో గది ఆ మూల నుంచి ఈ మూలకి,
గుచ్చుకుంటే బాగుండుననుకుంటూ.
గుచ్చుకోలేదు.
కూర్చున్నచోటే, పని గౌనులోనే, తెల్లారిపోయింది.

మెట్ల మీద ముందు రొట్టె వాసన,
తర్వాత బద్రీ దగ్గు,
తర్వాత అతని కోటు లోపల్నుంచి
కొత్త చెప్పు కిర్రుమన్నంత చిన్న అరుపు.
తలుపు దగ్గరికి ఉరికాను.
గొళ్లెం తీయబోతూ
చెయ్యి అలవాటుగా ఎదమీదికి వెళ్లింది.

అక్కడుంది.
మెడపట్టీ కింద, ఎడమవైపు,
నలభై ఏళ్లుగా నేను సూది గుచ్చుకునే చోట,
సరిగ్గా రేపటి నుంచి ఒక తల ఆనాల్సిన చోట.

నేలని చూశాను, గోడని చూశాను, సందుని చూశాను.
ఎత్తుకోబోయేదాన్ని చూడలేదు.

"ఒక్క నిమిషం బద్రీ" అన్నాను తలుపు ఇవతల్నుంచి.
సూది సీసాలో వేసి మూత బిగించాను.
అరచేత్తో ఎదంతా ఒకసారి తడుముకున్నాను.
ఇంకోసారి.

"ఊఁ, ఇప్పుడివ్వు."