ఇతరములు

తెల్లారి ఆరుంబావుకి మెజెస్టిక్‌లో దిగితే
చలి ముందుగా చెవుల్ని పలకరిస్తుంది.
భుజాన సంచి. సంచిలో రబ్బరు వాషర్లు:
అంగుళంన్నర, రెండు, మూడు.
స్టీలు గొట్టం స్టీలు గొట్టాన్ని కలిసేచోట
మధ్యలో నలిగేది నా సరుకు.
తెనాలి నుంచి మూణ్ణెల్లకోసారి వస్తాను.

గాంధీ బజారు దర్శినిలో కుర్చీలుండవు.
నడుమెత్తు రాతిబల్ల, దానిమీద మోచేతులు,
మోచేతుల మధ్య ఖాళీ దోసె.
పేరుకే ఖాళీ. ఒంటినిండా కన్నాలు,
కన్నానికో బొట్టు వెన్న.
సాంబారులో బెల్లం తగిలితే మొదట్లో మొహం చిట్లించేవాణ్ణి.
పదకొండేళ్ళయింది.
ఇప్పుడు ఇంట్లో పప్పుచారు పోసినా
నాలుక దేన్నో వెతుక్కుంటుంది.
పైకి అనను.

పక్కాయన పేపరు మడిచి, బైటూ కాఫీ ఇటు జరిపి
'స్వల్ప' అన్నాడు.
నాకు బాగా వచ్చిన కన్నడ ముక్క అదొక్కటే.
దాంతోనే జరుగుబాటవుతోంది, జనంలో, బస్సులో, బిల్లు దగ్గర.

జనవరి కదా, వీవీపురం వీధి మొదట్లోనే
అనపకాయల ఘాటు.
వేళ్ళకంటుకుని సబ్బుకి లొంగని ఆ జిడ్డు వాసనని
ఇక్కడ సొగడు అంటారట.
ఒకామె పీట మీద కూర్చుని గింజలు పితుకుతోంది.
ఆమె చూపు ఎదురుకొట్టు టీవీ మీద,
వేళ్ళ సందులోంచి పప్పు మాత్రం తప్పకుండా గిన్నెలోకే దూకుతోంది.
వేయించిన అనపపప్పు పావుకిలో కట్టించుకున్నాను,
కరివేపాకు ఎక్కువేయమని.

సాయంత్రం ఇందిరానగర్. రెండో అంతస్తులో
రాగిరంగు పీపాలు, అద్దాల గోడ,
నురగ చచ్చేదాకా గ్లాసుల్ని ఫొటోలు తీసే పిల్లలు.
బీరు కాచే నాగవేణిది ములబాగిలు.
మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చెవి వెనక పెన్సిలు.
'మూడో పీపా కారతా ఉండాది. ముందది సూడప్పా.'

చూశాను. పాత వాషరు ఎండి పెదవిలా పగిలింది.
చుక్క. కాసేపాగి, ఇంకో చుక్క.
వేలితో పట్టి నాలిక మీద రాసుకున్నాను,
తనిఖీ అన్నాను.
ఆమె నవ్వలేదు. కొత్త వాషరు బిగించేదాకా ఆగి
గ్లాసు నిండా పట్టి చేతిలో పెట్టింది.

రాగి బీరు.
మొదట నారింజ తొక్క చేదు,
వెనకాలే సంగటి గిన్నె అడుగున అంటుకున్న మాడు,
ఆ తర్వాత ఏదో ఉంది, పేరు తట్టలేదు,
తట్టేలోగా గుటక అయిపోయింది.
'మా యవ్వ సూస్తే, రాగుల్ని ఇట్ల నీళ్ళు జేస్తివేమే అంటాది'
అంది నాగవేణి.
'సూపించినావా?'
'లేదు. అడిగితే సోడా అని సెప్పినా.'

బయటి తిండి లోపలికి రానివ్వరట.
వెనక మాల్టు బస్తాల దగ్గర ఆ రూలు లేదు.
పొట్లం విప్పాం. ఆమె పప్పు నములుతూ గడియారం చూసుకుంది,
నేను గ్లాసు చూసుకున్నాను.
మా వైపు తాగడమంటే తలుపేసుకుని
గబగబా ముగించే పని.
ఇక్కడ ఒక గుటకకీ ఇంకో గుటకకీ మధ్య
మనిషి మాట్లాడొచ్చు, మాట్లాడకపోవచ్చు.
ఆ సందు నాకు నచ్చింది.

రాత్రి బస్సులో ఖర్చుల కాగితం తీశాను.
ప్రయాణం, బస, భోజనం, ఇతరములు.
దోసె రాశాను. అనపపప్పు కూడా భోజనంలోనే తోశాను.
బీరుకి నాగవేణి డబ్బు తీసుకోలేదు.
తీసుకోనిదాన్ని ఏ గడిలో వేయాలో
మా అకౌంటెంటు కోటేశ్వరమ్మ గారెప్పుడూ చెప్పలేదు.

ములబాగిలు దాటుతుంటే ఒక మిద్దె మీద లైటు వెలుగుతోంది.
ఆ అవ్వదేనేమో, ఎవరిదో.
ఇతరములు దగ్గర సున్నా చుట్టాను.
బస్సు కుదుపుకి కాస్త వంకరపోయింది గానీ
చూడ్డానికి అచ్చం వాషరే,
అంగుళంన్నరది.
డ్రైవరు లైట్లు తీసేశాడు.
వేళ్ళకి సొగడు ఇంకా పోలేదు.