గేర్‌బాక్సు తోక

పేపరు మిల్లు వాసన మా షెడ్డులోకి
గాలి తిరిగినప్పుడే వస్తుంది.
ఆ సాయంత్రం వచ్చింది. దాని వెనకే
లారీ తాడుకు వేలాడుతూ బిభూ సాహు కాంటెస్సా.

గొయ్యిలోకి దిగి టార్చి వేశాను.
గేర్‌బాక్సు తోక దగ్గర అల్యూమినియం
కొట్టిన కొబ్బరికాయలా నోరు తెరిచి ఉంది.
నూనె ఒక్కో చుక్క నా కనుబొమ్మ మీద.

వైజాగులో ఎవరో బిగించారట ఆ టార్క్ ఆర్మ్‌ని.
వెనక డిఫరెన్షియల్‌కి నాలుగు బోల్టులు,
ముందు కొస తిన్నగా ఈ తోకకి.
"చూడ్డానికి నీటుగా ఉంది కదన్నా"
అన్నాడు బిభూ, తెలుగులో మొదలెట్టి
ఒడియాలో ఏడుస్తూ.

నీటే.
మోయలేనివాడి నెత్తిన పెట్టిన మూట
పెట్టినవాడికి ఎప్పుడూ నీటుగానే కనబడుతుంది.

ఇలా చూడు బిభూ.
నువ్వు కాలు నొక్కగానే చక్రం నేలని వెనక్కి తోస్తుంది.
ఆ ఊపుకి ఇరుసు మూతి పైకి లేస్తుంది,
ముకుతాడు తెగిన దున్నలాగ.
దాన్ని అణిచిపెట్టడానికే ఈ పొడుగు చెయ్యి.
చెయ్యి కొస ఎవడి భుజాన ఆనితే
పోట్లాటంతా వాడిది.
గేర్‌బాక్సు పళ్లు మార్చుకోవడానికి పుట్టింది,
కలబడ్డానికి కాదు.
అది చేసిన తప్పల్లా దగ్గరగా ఉండడం.

బస్సు డిపోలో ముప్పై ఏళ్లు చేసి దిగిన
గేదెల సూర్యం మాస్టారు
టైరు మీద కూచుని చుట్ట కొస కొరికాడు:
"పొట్టి సెయ్యెట్టు, గట్టిగ కరుస్తాది.
బ్రేకేసినావంటే ఎనక సక్రాలు కప్పల్లాగ గెంతుతాయి.
పొడుగ్గా ఎట్టు, మాటింటాది,
గాని మలుపుకాడ బద్దకిస్తాది.
నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నాక రాత్రంతా నిద్ర లేదు.
గచ్చు మీద సుద్దతో గీశాను, కాలితో చెరిపాను.
ముప్పై ఆరంగుళాలు. నలభై రెండు.
చివరికి ముప్పై తొమ్మిదిన్నర.
ఆ అర ఎందుకని అడగొద్దు, చేతికి తెలిసింది.

ఈ బండికి చాసిస్ లేదు, చర్మమే ఎముక.
అందుకే నేల కింద ముందు నుంచి వెనకదాకా
రెండు చదరపు గొట్టాలు వెల్డు చేసి
వాటి మధ్య అడ్డదూలం వేశాను,
సైలెన్సర్ గొట్టం దూరేలా నడుము కాస్త వంచి.

"పదకొండు కిలోలా! ఘాటీలో సెకను పోతుందన్నా!"
గేర్‌బాక్సు పోతే బిభూ,
సెకన్లు లెక్కపెట్టుకోవడానికి
నీకు బోలెడు టైముంటుంది.

అన్న లారీ అప్పుకి జామీను కావాలన్నప్పుడు
ఇంట్లో అందరూ నావైపే తిరిగి
"నువ్వు దగ్గరే ఉన్నావు కదా" అన్నారు.
సంతకం పెట్టిన పెన్ను ఎవరిదో కూడా గుర్తులేదు.
పార్వతీపురం బ్యాంకులో ఫ్యాను మాత్రం గుర్తుంది,
తిరుగుతూ టకటకమనేది.

కొసకి ఏం తొడగాలన్నది ఇంకో రోజు పట్టింది.
ఉక్కు గుండు పెడితే బండంతా మోగుతుంది,
రబ్బరు మూడు ఘాటీలకి పిండైపోతుంది.
మిల్లులో పారేసిన రోలరు ముక్క,
గట్టి నైలాను, తెచ్చి లేతు మీద తిప్పాను.
తెల్లటి పొట్టు రింగులు రింగులుగా ఒళ్లో పడింది.

పైకీ కిందకీ కదలకూడదు.
ముందుకీ వెనక్కీ మాత్రం వేలెడు జారాలి.
పూర్తిగా బిగించేస్తే
గొయ్యి దాటిన ప్రతిసారీ ఇరుసుకి ఊపిరాడదు.
మోసేవాడికి కూడా
ఆ వేలెడు ఖాళీ ఎవరైనా వదలాలి.

తెల్లారకముందే లక్ష్మీపూర్ దాటి ఎక్కించాం.
నీలగిరి దుంగల లారీ ఒకటి మలుపులో ఆయాసపడుతోంది.
దాని పక్కన రెండో గేరు.
బండి వెనక కొంచెం కూచుంది,
కూచుని, నేలని పట్టింది.
బిభూ ఏ భాషలోనూ లేని కేక వేశాడు.

పైన ఆపి కిందికి దూరాను.
అడ్డదూలం గోరువెచ్చగా ఉంది.
జేబులో ఫోను మోగింది, అన్న పేరు.
మోగనిచ్చాను.
ముందు బోల్టులు లెక్కపెట్టాలి.
ఒకటి. రెండు. మూడోది
ఇంకో పావు తిప్పు అడుగుతోంది.