నువ్వు తీయలేని తాళం

నా పేరు దస్తగిరి. కర్నూలు జమ్మిచెట్టు కాడ
గొడుగు కింద ఇనుప పెట్టె, నాలుగు ఆకురాళ్లు.
ముప్పై ఏళ్లుగా ఒకటే నియమం:
ఇంటాయప్ప ఎదురుగా ఉంటేనే తాళం ముట్టేది.
కాగితం చూపిస్తే చాలదు,
కరెంటు బిల్లు మీద పేరు చదివించుకుంటాను,
పక్కింటోళ్లను పిలిపిస్తాను.
ఒకసారి చెవి పారేసుకున్న ఎస్సైని
ఆయన గడపలోనే అర్ధగంట నిలబెట్టినాను.

సుంకేసుల గేట్లన్నీ ఎత్తినారని
మైకులో చెప్పే గొంతు సగంలో ఆగిపోయిన రాత్రి,
హంద్రి వెనక్కి తన్నింది.
మోకాలి లోతప్పుడు మూటలెత్తుకున్నాం,
నడుము కాడికొచ్చినాక మూటలు వదిలి పిల్లోళ్లనెత్తుకున్నాం.
వీధిలో మేడ ఒకటే, హెడ్మాస్టరమ్మ లలితాంబది.
గేటుకు అలీగఢ్ తాళం, తలుపుకు ఏడు లీవర్లది.
ఆమె నంద్యాలలో చెల్లెలింట్లో.
ఫోన్లు చచ్చిపోయినాయి.

పగలగొట్టు, పగలగొట్టు అన్నారు.
గడ్డపార ఎవరి చేతిలోనో ఉండనే ఉంది.
పగలగొట్టడం నాకెవరూ నేర్పలేదు.
నోట్లో టార్చి, నీళ్లలో చేతులు,
కళ్లు మూసుకొని లీవర్లు లెక్కపెట్టినాను.
నా వెనక ముప్పైనలుగురు, ఒక మేక.

మూడు పగళ్లు ఆమె బియ్యమే తిన్నాం.
సేరుకొక గీత, గోడ మీద బొగ్గుతో
సుంకులమ్మ గీసింది, అప్పు లెక్క.
రెండో రాత్రి వానకు
పదకొండు రోజుల పసిబిడ్డ నీలమెక్కింది.
బీరువా ముందు నిలబడినాను.
గేటు వేరు, బీరువా వేరు.
ఎంతసేపు నిలబడినానో
ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.
తీసినాను. పైనున్న శాలువా ఒకటి తీసుకొని
మళ్లీ తాళం వేసినాను.
నీళ్లు దిగినాక తలుపుకూ వేసినాను, గేటుకూ వేసినాను.
అదే నా మెడకు చుట్టుకుంది.

కేసు ఆమె కాదు, తమ్ముడు పెట్టినాడు.
నాలుగు వందల నలభై ఎనిమిది, ఇంట్లో చొరబడినందుకు.
మూడు వందల ఎనభై, శాలువాకు.
మా వకీలు పిల్లోడు బాలగురప్ప
ఎనభై ఒకటి అని ఇంకో సెక్షను చదివినాడు:
పెద్ద కీడు తప్పించను చిన్న కీడు చేస్తే,
మనసులో చెడు లేకుంటే, నేరం కాదంట.
సర్కారు వకీలు నవ్వినాడు.
"ప్రాణభయమున్నోడు పగలగొడతాడు.
గీత పడకుండా తీసి, తిరిగి వేసిపోయేవాణ్ణి
ఏమంటారు?"
నా పనితనం గురించి అంత మంచి మాట
అంతకుముందు ఎవరూ అనలేదు.

లలితాంబ బోనెక్కింది.
"అడిగుంటే ఒప్పుకునేవారా?"
అద్దాలు తుడుచుకుంది, చానాసేపు.
"ముప్పైనలుగుర్నా? ఏమో.
ఒప్పుకునేదాన్ని కాదేమో.
వాళ్లు నన్నడిగే వీల్లేకపోయింది, అదొకటి..."
అక్కడ ఆపేసింది.
చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక
టైపు కొట్టేటాయన చేతులు గాల్లో నిలిచినాయి.

కేసు కొట్టేసినారు.
శాలువా ఉతికి ఇచ్చొచ్చినాను. పాల మరక పోలేదు.

తొలకరికి గొడుగు కాడికొచ్చింది ఆమె.
"దస్తగిరీ, నువ్వు తీయలేని తాళముందా?"
పెట్టె అడుగున వెతికినాను.
ఉందన్నాను.
నా చేతులవంక చూసింది,
బేరమాడకుండా డబ్బిచ్చింది.
గోడ మీద గీతలకు సున్నమేయించినావా అమ్మా
అని అడగబోయి,
చిల్లర లెక్కపెట్టి ఇచ్చినాను.