నాలుగో లెక్క

రాజాం ఆసుపత్రి, రెండో థియేటరు.
మధ్యాహ్నం కేసు, హెర్నియా.

కోయకముందు ఒక లెక్క.
పొర మూసేముందు ఒక లెక్క.
చర్మం కుట్టేముందు ఇంకొకటి.
నేను పైకి చదువుతాను, కోరాడ సిస్టరు బదులు పలుకుతుంది:
గాజుగుడ్డలు ఇరవై. ఇరవై.
సూదులు మూడు. మూడు.
మనిషి లోపల పీలిక మిగలకూడదు.
లెక్క తేలితేనే డాక్టరు మృణాళిని ఊపిరి వదులుతుంది.

నాలుగో లెక్క ఏ కాగితంలోనూ లేదు.
అది తవిటమ్మది.
అందరం చేతులు కడుక్కుంటుంటే
తూనిక కొక్కేనికి పసుపు సంచి తగిలిస్తుంది, ఎర్ర సంచి తగిలిస్తుంది,
స్టోరు తలుపు వెనక కేజీకో సుద్దగీత.
"ఏటమ్మా ఇది!
ఆయన కడుపులోంచి తీసింది నిమ్మకాయంత నేదు,
మనం పారేసింది ఆరు కేజీలు."

కట్ట విప్పితే పదహారు వస్తువులు. వాడినవి తొమ్మిది.
సూది ఎక్కని సిరంజి,
మడత చెదరని దుప్పటి,
విప్పాం కాబట్టి మైలపడ్డాయని చెప్పాను.
"ఎవులూ ముట్టకుండానే మైలా?"
తవిటమ్మ నా వంక చూడలేదు.
"ఆ మాట మా యమ్మ కాలంలో
మనుషులకి అనీవోలు."

మత్తు ఆవిరి గొట్టంలోంచి డాబా మీదికి పోతుంది.
ముసలాయన గంటలో కళ్ళు విప్పి చోడంబలి అడిగాడు.
ఆయన పీల్చి వదిలింది మాత్రం
మనవడికి మీసం మొలిచేదాకా పైనే తిరుగుతుందట.
డాక్టరు గొంతు తగ్గించి చెప్పింది,
ఎవరిదో పాత అప్పు సంగతి చెప్పినట్టు.

నెలరోజులు ఆ తలుపు వెనక నిలబడి నిలబడి
ఒక సోమవారం అంది:
అడిగితేనే విప్పండి.

డోలపేట టైలరు ఆకుపచ్చ గుడ్డలు కుట్టిచ్చాడు.
ఉడికి, ఆరి వచ్చిన ప్రతి గుడ్డనీ
తవిటమ్మ కిటికీకి అడ్డంగా పట్టుకుంటుంది.
సూదిమొన చిల్లులోంచి ఎండ కారినా
ఆ గుడ్డ పక్కకి.

ఆ గుడ్డలతో చేసిన మొదటి కేసుకి
మూడో నాడు జ్వరం.
చీము పడితే?
నాకు నిద్ర లేదు, ఆవిరిపెట్టె కాగితాలన్నీ తిరగేశాను,
నా చేతుల్నే అనుమానించాను.
పొద్దున్నే రిపోర్టు: మలేరియా.
ఇంత ఆనందంగా మలేరియా పేరు
జిల్లాలో ఎవరూ పలికి ఉండరు.

నిన్న నాలుగు గీతలు.
పసుపు వ్యాను ఇంకా వస్తూనే ఉంది,
వెనక్కి వెళ్ళేటప్పుడు బండి కాస్త తేలిగ్గా ఎగురుతుందేమో, అంతే.
కోరాడ సిస్టరు చప్పట్లు కొట్టింది.

తవిటమ్మ సుద్దముక్క కొంగున ముడేసుకుంది.
"లెక్క తేల్నేదమ్మా" అంది.