ఏడో మంచం సీసా

హల్ ఊరి ఆసుపత్రిలో
మంచం మంచానికీ కాళ్ల దగ్గర ఒక సీసా.
రాత్రి పదింటికి వాటిని నింపడం నా పని.
నొక్కితే నీళ్లకంటే చిక్కగా, జిగురుకంటే పలచగా
అరచేతిలో చల్లగా కూర్చుంటుంది.
కంపెనీ పేరు కింద చీమతలంత అక్షరాల్లో
మింగరాదు అని ఉంటుంది.
చేతులకు రాసుకునేదాన్ని ఎవరు మింగుతారు,
రాసినవాడి చాదస్తం కాకపోతే,
అనుకునేదాన్ని.

ఏడో మంచం లెనర్డ్ థ్వెయిట్.
తుంటి విరిగి వచ్చాడు.
నలభై ఏళ్లు ఉత్తర సముద్రంలో వలలు లాగిన చేతులు
దుప్పటి అంచు పట్టుకుని వణికేవి.
చలేమో అని ఇంకో దుప్పటి కప్పాను.
రెండో రాత్రీ వణికాయి. ఇంకోటి కప్పాను.
ఎంత తాగుతారు అని కాగితం మీద ఒక గడి ఉంది.
అందులో "అప్పుడప్పుడు" అని ఉంది.
ఆ అప్పుడప్పుడును మేమంతా నమ్మాం.

సీసా మాత్రం రోజుకు నాలుగు వేళ్లు దిగేది.
మిగతా మంచాల దగ్గర ఒక్క వేలు.
ఎంత శుభ్రమైన మనిషి!
నవ్వకండి,
చేతుల శుభ్రత పట్టీలో ఆ మంచానికి
పదికి పది వేసింది నేనే.

నాలుగో రాత్రి, రెండు దాటాక,
తెర సందులోంచి చూశాను.
కుడి అరచేతిని దొప్పలా చేసి
ఎడమచేత్తో మీట నొక్కుతున్నాడు.
ఒకటి. రెండు. మూడు.
చుక్క కిందపడకుండా జుర్రుకున్నాడు.
ఆ చేతి ఆకారం నాకు తెలుసు.
నరసన్నపేట గుళ్లో చిన్నప్పుడు
తీర్థానికి నేను పట్టిన చెయ్యే అది.
అకాలమృత్యువు పోతుందని చెప్పి
ఉద్ధరిణితో పోసేవారు పంతులుగారు.
అలా ఎంతసేపు నిలబడిపోయానో
నాకే తెలీదు.

నేను పిలిచేసరికి మనిషి బరువైపోయాడు.
భుజం తట్టాను, చెవిలో అరిచాను,
రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దాను.
కళ్లు సగం తెరుచుకుని నన్ను దాటి చూశాయి.
నోట్లోంచి వార్డు వాసన,
మా అందరి చేతుల వాసన.
సిస్టర్ ఓడెట్ పరుగున వచ్చి వేలు పొడిచింది.
చక్కెర రెండు పాయింట్ ఒకటి.
"విస్కీలో నూటికి నలభై పాళ్లు,
ఇందులో డెబ్భై," అంది సూది గుచ్చుతూనే.
ఊపిరి నిమిషానికి ఏడు,
మధ్యలో ఏదో మరిచిపోయినట్టు ఆగేది.
ఆగినప్పుడల్లా నాకు లెక్క తప్పింది.

గొట్టం వేసి కింది అంతస్తుకు తీసుకుపోయారు.
పక్క మారుస్తుంటే దిండు వెనక
పళ్లు తోముకునే గ్లాసు, అడుగున జిగురు,
నారింజ వాసన.
ఆ రసం ప్యాకెట్టు రోజూ నేనే ఇచ్చేదాన్ని.
ఇంకోటి కావాలంటే
ఆకలి పుడుతోంది, మంచిదే అనుకుని
రెండు ఇచ్చేదాన్ని.

పదకొండో రోజు తిరిగి వచ్చాడు,
గొంతు గీసుకుపోయి, మాట గుసగుసై.
"రుచి ఎలా ఉంటుందో అడగవేం?"
అడగలేదు.
"దానికంటే పడవ డీజిల్ నయం.
కానీ వణుకు ఆగుతుంది. అరగంట."
ఆ వణుక్కి మందుల గదిలో మాత్ర ఉంది,
వేళకు ఇచ్చే మామూలు మాత్ర.
దుప్పటి కప్పే బదులు
నేను ఒక్క మాట అడిగి ఉంటే.

ఇప్పుడు సీసాలు మంచాల దగ్గర లేవు.
మా నడుములకు వేలాడుతున్నాయి.
ఇంటికెళ్లగానే పాప బడిసంచికి తగిలించిన
స్ట్రాబెర్రీ వాసన సీసాను పీకేశాను.
మంచి వాసనమ్మా అని ఏడ్చింది.
అందుకే, అన్నాను.

ఈ ఉదయం బస్సు ఎక్కుతుంటే తలుపు దగ్గర డబ్బా.
చెయ్యి పెట్టాను. చల్లగా పడింది.
వేళ్లు వాటంతటవే దొప్ప అయ్యాయి.
వెనక ఎవరో, కొంచెం కదులుతారా, అన్నారు.
ఆరేదాకా రుద్దుకుంటూ లోపలికి నడిచాను.
కుడిచెయ్యి పాత అలవాటున తలమీదికి పోతుంటే
సగంలో ఆపాను.